కోత లేదు, గొట్టం లేదు: పైత్యరస నాళాల స్థితిని తెలిపే ఎం.ఆర్.సి.పి. పరీక్ష

తణుకు: కళ్లు పచ్చబడి మూత్రం ముదురు రంగులోకి మారినప్పుడు గోదావరి జిల్లాల్లో అనేకులు మొట్టమొదట చేసే పని పసరు మందు కోసం వాకబు చేయడం. ఫలానా ఊరిలో తెల్లవారుజామున పరగడుపున పసరు పోస్తారనో, మణికట్టు మీద వాత పెడితే కామెర్లు దిగిపోతాయనో చెప్పేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ రోజు నుంచే ఉప్పు, నూనె మాని చప్పిడి పథ్యం మొదలవుతుంది. కొందరికి నిజంగానే కొద్ది వారాల్లో పచ్చదనం తగ్గిపోతుంది కూడా. కలుషిత నీటి ద్వారా సోకే హెపటైటిస్ ‘ఎ’, ‘ఇ’ వైరస్‌ల వలన వచ్చే కామెర్లు చాలామందిలో మందు వేసినా వేయకున్నా కాలక్రమేణా తగ్గిపోయే స్వభావం కలిగినవి కావడమే ఇందుకు కారణం. కీర్తి మాత్రం పసరుకు దక్కుతుంది.

అయితే కామెర్లన్నీ ఒకే జాతికి చెందినవి కావు. కాలేయంలో తయారైన పైత్యరసం పేగులోకి దిగే దారిలో రాయి అడ్డుపడినా, ఆ దారి కుంచించుకుపోయినా, కంతి పెరిగి నొక్కినా కళ్లు పచ్చబడతాయి. వైద్యులు దీనిని అవరోధక కామెర్లు అని వ్యవహరిస్తారు. ఈ రకంలో పసరు తాగి, పథ్యం పాటించి నాలుగు వారాలు వేచి చూడడం అంటే అడ్డును అక్కడే ఉంచి విలువైన కాలాన్ని పోగొట్టుకోవడమే. నిలిచిన పైత్యరసంలో సూక్ష్మక్రిములు చేరితే చలిజ్వరం వచ్చి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదకు రావచ్చు. కారణం క్యాన్సరు కంతి అయిన పక్షంలో శస్త్రచికిత్సకు వీలైన దశ దాటిపోవచ్చు. అందువలన కామెర్లు కనిపించగానే తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న, దారి తెరిచి ఉన్నదా, మూసుకుపోయినదా అన్నదే. మూసుకుపోయిందన్న అనుమానం కలిగినప్పుడు శరీరంలోకి సూదిగాని, గొట్టంగాని, రంగు మందుగాని పంపకుండా ఆ దారి మొత్తాన్ని బొమ్మ గీసి చూపగల పరీక్షయే ఎం.ఆర్.సి.పి. దీని పూర్తి పేరు మ్యాగ్నెటిక్ రెజొనెన్స్ కొలాంజియో పాంక్రియాటోగ్రఫీ. పేరు పలకడానికి కష్టమేగాని పరీక్ష చేయించుకోవడానికి కష్టమైనది కాదు.

మురుగు కాలువ మూసుకుపోతే

కాలేయం రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరు వరకు పైత్యరసాన్ని తయారు చేస్తుంది. కాలేయమంతటా వ్యాపించిన సన్నని నాళాలు రెండు పెద్ద నాళాలుగాను, ఆ రెండూ కలిసి ఒకే ప్రధాన నాళంగాను మారి కిందికి దిగుతాయి. మధ్యలో పక్కకు చీలిన ఒక సన్నని దారి పిత్తాశయానికి వెళుతుంది. మనం గాల్ బ్లాడర్ అని పిలిచే ఈ సంచిలో పైత్యరసం చిక్కబడి నిలువ ఉంటుంది. ప్రధాన నాళం చివరకు చిన్నపేగు మొదటి భాగంలోకి తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ ముఖద్వారం వద్దనే క్లోమ గ్రంథి నుంచి వచ్చే నాళం కూడా సాధారణంగా దీనితో కలుస్తుంది. రెండింటి ముఖం వద్ద కండరంతో కూడిన ఒక వలయం లాకు తలుపు వలె పనిచేస్తుంది.

డెల్టా రైతాంగానికి ఈ అమరికను వేరుగా వివరించవలసిన పని లేదు. పొలాల్లోని సన్నని బోదెలు పిల్ల కాలువల్లోకి, అవి యనమదుర్రు వంటి పెద్ద డ్రెయిన్లలోకి కలవడం అందరూ చూస్తున్నదే. కింద ఎక్కడో గుర్రపుడెక్క పేరుకుని నీరు కదలకపోతే పైన ఉన్న చేలు ముంపునకు గురవుతాయి. పైత్యరస నాళాలలోనూ జరిగేది అదే. సాధారణంగా 6 మిల్లీమీటర్ల వెడల్పుకు మించని ప్రధాన నాళం అడ్డుకు పైభాగాన ఉబ్బుతుంది, కాలేయంలోని సన్నని నాళాలు సైతం వెడల్పవుతాయి, పైత్యరసం రక్తంలోకి ఎగదన్నుతుంది. అందుచేతనే కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద పుడుతుంది, మూత్రం ముదురుతుంది. పేగులోకి పైత్యరసం దిగకపోవడంతో మలం సుద్ద రంగులోకి మారుతుంది. మలం రంగు తెల్లబారడం అవరోధక కామెర్లను సూచించే ముఖ్య లక్షణం. సంకోచించకుండా ఈ విషయాన్ని వైద్యునికి చెప్పవలసి ఉంటుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ‘కె’ విటమిన్ ఒంటపట్టాలంటే పేగులో పైత్యరసం ఉండవలసిందే. అడ్డు ఎక్కువ కాలం కొనసాగితే ఈ విటమిన్ లోపించి చిన్న గాయానికే రక్తం ఆగకుండా పోవచ్చు. శస్త్రచికిత్సకు ముందు వైద్యులు ‘కె’ విటమిన్ ఇంజెక్షన్లు ఇవ్వడం, రక్తం గడ్డకట్టే సమయాన్ని పరీక్షించడం ఇందుకోసమే.

పూర్వం ఎలా చూసేవారు

పైత్యరస నాళాలు ఎక్స్‌రేకు కనబడవు. వాటిని కనబడేలా చేయడానికి వైద్యులు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. 1937లో హనోయి నగరంలోని వైద్యులు పొట్టపై నుంచి నేరుగా కాలేయంలోకి సూది గుచ్చి, నాళాలలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే విధానాన్ని వెల్లడించారు. 1968లో అమెరికా వైద్యులు నోటి ద్వారా ఎండోస్కోపీ గొట్టాన్ని చిన్నపేగు వరకు పంపి, నాళం ముఖద్వారం నుంచి వెనుకకు రంగు మందు ఎక్కించి ఫోటో తీయగలిగారు. ఇదే నేడు ఇ.ఆర్.సి.పి.గా ప్రసిద్ధి పొందింది. 1974 నాటికి జర్మనీ, జపాన్ వైద్యులు అదే గొట్టం ద్వారా ముఖద్వారపు కండరాన్ని కొద్దిగా కోసి రాయిని బయటకు లాగే పద్ధతిని కూడా రూపొందించారు. పొట్ట కోయకుండా రాయి తీయడం ఆనాటికి గొప్ప ముందడుగు.

తెలుగువారికి ఈ రంగంలో విశేషమైన స్థానం ఉంది. హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి ఎండోస్కోపీ చికిత్సలో ప్రపంచవ్యాప్త గుర్తింపు పొందారు. భారత ప్రభుత్వం ఆయనను 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ పురస్కారాలతో గౌరవించింది.

ఇంతటి ఉపయోగం ఉన్నప్పటికీ ఇ.ఆర్.సి.పి.కి ఒక మూల్యం ఉంది. ఈ ప్రక్రియకు లోనైన ప్రతి 100 మందిలో సుమారు 3 నుంచి 10 మందికి క్లోమ గ్రంథి వాపు వస్తుంది. అత్యధికులు కోలుకుంటారు, కొద్దిమందిలో అది తీవ్రరూపం దాల్చుతుంది. రక్తస్రావం, పేగుకు రంధ్రం పడడం వంటివి అరుదుగానైనా జరుగుతాయి. రాయి తీయవలసి ఉన్నప్పుడు ఈ ముప్పును అంగీకరించడం సమంజసమే. కేవలం రాయి ఉన్నదో లేదో చూడడం కోసం మాత్రమే గొట్టం వేసి, లేదని తెలుసుకుని, ప్రతిఫలంగా క్లోమం వాపు తెచ్చుకోవడం ఎవరికీ సమ్మతం కాదు. ఎం.ఆర్.సి.పి. వచ్చిన తరువాత మారినది ఇదే. చూసే పని అయస్కాంతం చేస్తుంది. గొట్టాన్ని చికిత్స అవసరమైనవారికే వినియోగిస్తారు.

నిలిచిన నీరు వెలుగుతుంది

ఎం.ఆర్.సి.పి. వేరే యంత్రం కాదు. మెదడుకు, వెన్నుపూసకు స్కాన్ తీసే ఎం.ఆర్.ఐ. యంత్రంతోనే దీనిని చేస్తారు. మన శరీర బరువులో సగానికి పైగా నీరే. నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో క్రమంగా సర్దుకుంటాయి. రేడియో తరంగాలతో వాటిని కదిలిస్తే తిరిగి బలహీనమైన రేడియో సంకేతాన్ని వెలువరిస్తాయి. ఈ ధర్మాన్ని 1946లో వేర్వేరుగా కనుగొన్న ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్‌లకు 1952లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ సంకేతం నుంచి బొమ్మను నిర్మించే మార్గం చూపిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లు 2003లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. ఎక్స్‌రే కిరణాలకు ఇందులో తావు లేదు.

పైత్యరస నాళాలను చూడడంలో చేసే ఉపాయం వినడానికి చాలా తేలికైనది. కాలేయం వంటి ఘన కణజాలం వెలువరించే సంకేతం సెకనులో పదో వంతు గడిచేసరికి చాలావరకు అణగిపోతుంది. వేగంగా పారుతున్న రక్తం నుంచి కూడా సంకేతం అందదు. కదలక మెదలక నిలిచి ఉన్న ద్రవం నుంచి వచ్చే సంకేతం మాత్రం చాలాసేపు నిలుస్తుంది. కనుక యంత్రం తొందరపడకుండా, మిగిలిన అవయవాల సంకేతాలు అణగిపోయిన తరువాతనే బొమ్మ తీసుకుంటుంది. అప్పుడు చుట్టూ అంతా చీకటి, నడుమ పైత్యరసం, క్లోమరసం నిండిన నాళాలు మాత్రం వెన్నెల రాత్రి కాలువల వలె తెల్లగా మెరుస్తూ కనబడతాయి. నాళంలో ఉన్న ద్రవమే రంగు మందు పని చేస్తున్నందున ప్రత్యేకంగా మందు ఎక్కించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది ఎంతో మేలు. జర్మనీ వైద్యులు 1991లో ఈ విధానాన్ని తొలిసారిగా ప్రచురించారు.

రాయి ఉంటే తెల్లని నాళంలో నల్లని గింజ వలె కనబడుతుంది. నాళం కుంచించుకుపోతే తెల్లని గీత ఒకచోట సన్నబడుతుంది. కంతి నొక్కితే ఆ గీత ఉన్నట్టుండి తెగిపోయినట్లు కనిపిస్తుంది. ఏలికపాము పైత్యరస నాళంలోకి ఎగబాకిన సందర్భాల్లో అది పొడవాటి నల్లని దారం వలె కనబడుతుంది. బడి పిల్లలకు నులిపురుగుల నివారణ మాత్రలు ఎందుకు మింగిస్తున్నామని అడిగే తల్లిదండ్రులకు ఈ ఒక్క బొమ్మ చూపితే చాలు. పుట్టుకతోనే నాళం సంచిలా ఉబ్బిన పసిపిల్లలలోను, పిత్తాశయం తొలగించిన తరువాత నాళానికి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నవారిలోను, దీర్ఘకాలంగా క్లోమం వాపుతో బాధపడేవారిలోను కూడా ఈ పరీక్ష మార్గం చూపుతుంది.

అందరికీ అవసరం లేదు

కామెర్లు వచ్చిన ప్రతి ఒక్కరూ ఎం.ఆర్.సి.పి. చేయించుకోవాలని భావించడం సరికాదు. ఇరుగుపొరుగు చెప్పారని నేరుగా స్కానింగ్ కేంద్రానికి వెళ్లి వేలాది రూపాయలు చెల్లించడం వలన ప్రయోజనం శూన్యం. మొదట రక్తపరీక్ష, ఆ తరువాత పొట్టకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించడం సరైన వరుస. తణుకులోని ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యుని గాని, దగ్గరలోని అర్హత గల ఇతర వైద్యుని గాని సంప్రదిస్తే ఈ తొలి అంచె పూర్తవుతుంది. వైరస్ వలన వచ్చిన కామెర్లని తేలి, నాళాలు వెడల్పు కాలేదని స్కానింగ్ చూపితే ఎం.ఆర్.సి.పి. ప్రస్తావనే రాదు. గర్భిణీ స్త్రీలలో హెపటైటిస్ ‘ఇ’ ప్రాణాంతకం కాగలదు కనుక వారు మాత్రం ఏ రకం కామెర్లనూ తేలికగా తీసుకోరాదు.

పిత్తాశయంలోని రాళ్లను అల్ట్రాసౌండ్ చక్కగా పట్టుకుంటుంది. ప్రధాన నాళం కిందిభాగం మాత్రం పేగులోని గాలి అడ్డురావడంతో తరచు దానికి అందదు. నాళం ఉబ్బినది గాని కారణం కనబడలేదు అన్న నివేదిక వచ్చినప్పుడు, పిత్తాశయ శస్త్రచికిత్సకు ముందు నాళంలోకి రాయి జారిందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఎం.ఆర్.సి.పి. విలువ బయటపడుతుంది. నాళంలోని రాళ్లలో సుమారు 10కి 9 దీనికి దొరుకుతాయి. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న రాళ్లు కొన్నిసార్లు తప్పించుకుంటాయి. నాళంలోకి చేరిన గాలి బుడగ రాయిగా భ్రమ కలిగించవచ్చు. అటువంటి సందేహాలను ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అనే మరో పరీక్ష ద్వారా తీర్చుకుంటారు.

నిరీక్షణ పనికిరాని సందర్భం ఒకటి ఉంది. కుడి డొక్కలో నొప్పి, చలితో కూడిన జ్వరం, కామెర్లు మూడూ కలిసి వస్తే నాళంలో చీము చేరుతున్నదని అనుమానించాలి. మగత కమ్మడం, రక్తపోటు పడిపోవడం తోడైతే అది అత్యవసర పరిస్థితి. అప్పుడు స్కానింగ్ తేదీ కోసం ఎదురుచూడక 108 అంబులెన్సులో పెద్దాసుపత్రికి చేరాలి. అక్కడి వైద్యులు ముందుగా యాంటీబయోటిక్స్ మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి ఇ.ఆర్.సి.పి. ద్వారా నాళాన్ని ఖాళీ చేస్తారు. అలాగే నాళంలో రాయి అల్ట్రాసౌండ్‌లోనే స్పష్టంగా కనబడి, కామెర్లు కూడా ఉంటే మధ్యలో ఎం.ఆర్.సి.పి. లేకుండానే చికిత్సకు వెళ్లవచ్చు. ఎం.ఆర్.సి.పి. రాయిని చూపగలదే కాని తీయలేదన్న సంగతి రోగి బంధువులు గుర్తుంచుకోవలసి ఉంది. పరీక్ష అయిపోయింది, ఇంకా నొప్పి తగ్గలేదేమని అడిగేవారు లేకపోలేదు.

పరీక్షకు వెళ్లేవారికి

పరీక్షకు ముందు 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా ఉండాలని చెబుతారు. కడుపు ఖాళీగా ఉంటే పిత్తాశయం నిండి స్పష్టంగా కనబడుతుంది. పైగా కడుపులో, పేగులో ద్రవం ఉంటే అది కూడా తెల్లగా మెరిసి నాళాలను కప్పివేస్తుంది. కొన్ని కేంద్రాలలో పరీక్షకు కొద్దిసేపటి ముందు అనాస పండ్ల రసం తాగిస్తారు. అనాసలో సహజంగా ఉండే మాంగనీసు కడుపులోని ద్రవం మెరుపును అణచివేస్తుంది. తినవద్దని చెప్పి రసం ఇస్తున్నారేమని ఆశ్చర్యపోనక్కరలేదు. మధుమేహం ఉన్నవారు మాత్రం తమ సంగతి ముందుగానే తెలియజేయాలి, ఉపవాసం ఉన్నందున మందుల వేళలను వైద్యుని అడిగి మార్చుకోవాలి.

చాలా ఆసుపత్రులలో వాడే 1.5 టెస్లా యంత్రపు అయస్కాంత బలం భూమి అయస్కాంత క్షేత్రం కంటే 30 వేల రెట్లకు పైగా ఉంటుంది. స్కాన్ జరగని సమయంలోనూ ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రోగికి తోడుగా వచ్చిన యువకుడు ఆక్సిజన్ సిలిండరుతో ఎం.ఆర్.ఐ. గదిలోకి ప్రవేశించగా, అయస్కాంతం సిలిండరును లాగివేయడంతో అతడు ప్రాణాలు కోల్పోయాడు. లోపలికి వెళ్లేది రోగి అయినా, తోడు వెళ్లినవారైనా సిబ్బంది చెప్పిన మాట జవదాటరాదు.

గాజులు, చెవిదిద్దులు, మెట్టెలు, పిన్నీసులు, జడపిన్నులు, తాయెత్తులు, వెండి మొలతాడు, చేతి గడియారం, సెల్‌ఫోను, బ్యాంకు కార్డులు బయటనే ఉంచాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని తల్లులు మన ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. పసుపుకొమ్ము కట్టిన నూలుదారం మెడలో వేసుకుని సూత్రాలను కుటుంబసభ్యుల చేతికి ఇచ్చి లోపలికి వెళ్లవచ్చు. దీనికి సిబ్బంది అభ్యంతరం చెప్పరు. గుండెకు పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ పరికరం, మెదడు రక్తనాళానికి క్లిప్ అమర్చినవారు ఆ కాగితాలు వెంట తెచ్చుకోవాలి. వెల్డింగు, లేత్ పనులు చేసే కార్మికుల కంటిలో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే ఆ విషయం తప్పక చెప్పాలి. ఏళ్ల క్రితపు సంగతే అయినా ప్రమాదకరం కావచ్చు. కాపర్-టి వేయించుకున్నవారు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారు భయపడవలసిన అవసరం సాధారణంగా లేదు. గర్భిణులకు అవసరమని వైద్యుడు భావిస్తే రంగు మందు లేకుండా ఈ పరీక్ష చేస్తారు.

పరీక్ష సుమారు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. సొరంగం వంటి యంత్రంలో పడుకోవాలి. సుత్తితో కొట్టినట్లు పెద్ద శబ్దం వస్తుంది, చెవులకు రక్షణ ఇస్తారు. మధ్యమధ్య 15, 20 సెకన్ల పాటు ఊపిరి బిగబట్టమంటారు. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. ఇరుకు గదులంటే భయపడేవారు ముందే చెబితే సిబ్బంది తగిన ఏర్పాటు చేస్తారు. చేతిలో ఉంచే మీటను నొక్కి ఎప్పుడైనా పిలవవచ్చు.

ఎం.ఆర్.ఐ. యంత్రాలు ఒకప్పుడు హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలకే పరిమితం. నేడు రాజమహేంద్రవరం, ఏలూరు, కాకినాడ నగరాలలో అవి అందుబాటులో ఉన్నాయి. కాకినాడలో 1958లో ప్రారంభమైన రంగరాయ వైద్య కళాశాల స్థాపనకు తోడ్పడినవారిలో తణుకు పారిశ్రామికవేత్త ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ కూడా ఒకరు కావడం ఈ పట్టణ వాసులు గర్వించదగిన విషయం. నిరుపేద కుటుంబాలకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతున్న పథకం ఉన్నది. తమ చికిత్స ఆ పథకం పరిధిలోకి వస్తుందో లేదో, పరీక్షల ఖర్చు అందులో కలుస్తుందో లేదో అనుబంధ ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో, డబ్బు చెల్లించక ముందే కనుక్కోవడం మంచిది.

నివేదికలో కొన్ని మాటలు రోగులను అనవసరంగా కలవరపెడతాయి. సి.బి.డి. డైలేటెడ్ అంటే ప్రధాన పైత్యరస నాళం వెడల్పయినదని అర్థం. వయసు పైబడినవారిలోను, పిత్తాశయం తొలగించినవారిలోను జబ్బు లేకుండానే ఈ నాళం కొంత వెడల్పుగా ఉండవచ్చు. ఫిల్లింగ్ డిఫెక్ట్ అంటే తెల్లని నాళంలో నల్లని ఖాళీ కనబడినదని, అది చాలావరకు రాయి అయి ఉంటుంది. స్ట్రిక్చర్ అంటే నాళం కుంచించుకుపోయినదని. అది క్యాన్సరే అయి ఉండనక్కరలేదు, కాని కారణం తేలేవరకు వదిలిపెట్టరాదు. ఐ.హెచ్.బి.ఆర్. డైలేటెడ్ అంటే కాలేయం లోపలి సన్ననాళాలు ఉబ్బినవని. నివేదిక కాగితం ఒక్కటే తీసుకుని వెళ్లడం మన వారిలో తరచు జరిగే పొరపాటు. శస్త్రచికిత్స చేసే వైద్యుడు అడ్డు ఎంత ఎత్తున ఉన్నదో, గొట్టం ద్వారా అందుతుందో లేదో తన కళ్లతో చూసి నిర్ణయిస్తాడు. కాబట్టి ఫిల్ములు, సి.డి., పాత అల్ట్రాసౌండ్ కాగితాలు, రక్తపరీక్షల ఫలితాలు ఒకే సంచిలో భద్రపరచి ప్రతిసారీ వెంట తీసుకువెళ్లాలి.